జైలు నుంచి వచ్చిన మానసిక రోగికి ఏమేం కావాలో తేల్చడం ఎలా?

ప్రశ్న ఇది: నల్లగొండ వైపు కొత్తగా సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా చేరిన ఒకరు అడిగారు. కోర్టు ఆర్డరు మీద ఒక రిమాండ్ ఖైదీ ఆసుపత్రిలోని ఖైదీల వార్డుకు వచ్చాడు. డాక్టరు ‘నీడ్స్ అసెస్‌మెంట్ చేసి పెట్టండి’ అన్నారు. ఏ ఫారం వాడాలి, ఎవరిని అడగాలి, ఎన్ని రోజులు పడుతుంది, రిస్క్ రిపోర్టుకూ దీనికీ తేడా ఏమిటి?

తేడా దగ్గరే మొదలుపెడతాను. ఎక్కువ ఫైళ్లు పాడయ్యేది అక్కడే.

నేరం జరిగినప్పుడు ఆ మనిషికి తాను చేస్తున్నదేమిటో తెలుసా అన్నది ఒక ప్రశ్న. భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్, అంటే పాత ఐపీసీ 84, దాని గురించి. ఇవాళ కోర్టులో తన కేసు తాను చెప్పుకోగలడా అన్నది ఇంకోటి. అది బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 367, 368 సెక్షన్లలో ఉంది, పాత సీఆర్పీసీలో 328, 329. మళ్లీ ఎవరి మీదైనా చేయి చేసుకుంటాడా అన్నది మూడోది, రిస్క్ రిపోర్టు అంటే అదే, దానికి హెచ్‌సీఆర్-20 లాంటి పద్ధతులున్నాయి. మీకు అప్పగించింది ఈ మూడూ కాదు. ఈ మనిషికి ఇప్పుడు ఏయే ఇబ్బందులున్నాయి, వాటిలో దేనికి సాయం అందుతోంది, దేనికి అందడం లేదు? మీరు తేల్చాల్సింది ఇదే. కోర్టు ఉత్తరంలో సాధారణంగా ‘ఫిట్టా, కాదా’ (విచారణకు నిలబడగలడా, లేడా) అనే ఉంటుంది కాబట్టి అందరి కళ్లూ అటే పోతాయి. ఫిట్ అని రాసినంత మాత్రాన మీ పని అయిపోదు. అస్సాంలో మచాంగ్ లాలుంగ్ అనే ఆయన్ని 1951లో అరెస్టు చేశారు. 1967లో తేజ్‌పూర్ ఆసుపత్రి ఆయన బాగుపడ్డాడని చెప్పింది. విచారణే లేకుండా 2005 దాకా, మొత్తం 54 ఏళ్లు, కస్టడీలోనే ఉండిపోయాడు. ఆయనకు కావాల్సింది ఒక వకీలు, ఒక వాయిదా తేదీ, ఇంటికి ఒక కబురు. ఆ మూడు అవసరాలనూ ఎవరూ కాగితం మీద పెట్టలేదు.

ఫారం విషయానికొస్తే, ఈ పనికి ప్రత్యేకంగా తయారైనది క్యాన్‌ఫర్. లండన్‌లో పుట్టిన క్యాంబర్‌వెల్ అసెస్‌మెంట్ ఆఫ్ నీడ్‌కు ఇది ఫోరెన్సిక్ రూపం, అంటే నేరం కేసుల్లో ఉన్న రోగుల కోసం మార్చినది. అసలు దాంట్లో 22 అంశాలు: ఉండే చోటు, తిండి, శుభ్రత, పగటి పని, ఒంటి ఆరోగ్యం, భ్రమలు, మనోవేదన, తనకు ముప్పు, ఇతరులకు ముప్పు, తాగుడు, మత్తుమందులు, తోడు, పిల్లల పోషణ, చదువు, ఫోను, ప్రయాణం, డబ్బు, పింఛన్లు వగైరా. ఫోరెన్సిక్ రూపంలో చికిత్సకు ఒప్పుకోవడం, లైంగిక నేరాలు, నిప్పు పెట్టడం అనే మూడు కలిపి 25 చేశారు. గడిచిన నెల రోజులను చూసి మార్కు వేయాలి. ఇబ్బంది లేకపోతే 0. ఇబ్బంది ఉండి, అందుతున్న సాయం వల్ల అదుపులో ఉంటే 1. సాయం అందినా అందకపోయినా ఇబ్బంది తీవ్రంగానే ఉంటే 2. తెలియకపోతే 9. రోగి మాట ఒక వరుసలో, సిబ్బంది మాట ఇంకో వరుసలో రాయాలి. పొట్టి రూపం ఒక్క కాగితంలో సరిపోతుంది, కొత్తవాళ్లు దానితో మొదలుపెట్టడమే మేలు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే తప్పు 0కూ 1కీ మధ్య జరుగుతుంది. రోజూ నర్సు చేతికిచ్చి, నీళ్లు తాగించి, నోరు తెరిపించి చూస్తే గోలీలు మింగుతున్న మనిషి ప్రశాంతంగా ఉంటాడు. ‘మందుల విషయంలో సమస్య లేదు’ అని 0 వేస్తారు. అతను తిరిగి జైలుకు పోతాడు. అక్కడ వారం గోలీలు ఒకేసారి చేతికిస్తే సగం పారేస్తాడు, లేదా పక్క ఖైదీకి ఇస్తాడు. కొన్ని వారాల్లో జబ్బు మళ్లీ మొదటికొస్తుంది. అక్కడ పడాల్సింది 1, పక్కనే ‘ఎదురుగా నిలబడి మింగించాలి’ అన్న మాట. సాయం తీసేస్తే ఇది నిలబడుతుందా అని ప్రతి 0 దగ్గరా ఒకసారి అడగండి. నిలబడకపోతే అది 1.

రెండో తప్పు, రోగి ‘నాకేం అవసరం లేదు సార్’ అంటే దాన్ని 0గా రాయడం. జైలు నుంచి వచ్చిన మనిషికి అడిగే ప్రతివాడూ పోలీసులాగే కనిపిస్తాడు. ఏదైనా అడిగితే ఇంటికి పోవడం ఆలస్యమవుతుందని భయం ఉంటుంది. అలాంటి జవాబుకు మొదటిసారి 9 వేసి, వారం తర్వాత మళ్లీ అడగాలి.

ఇక పని వరుస చెబుతాను. మనిషిని చూడకముందే కాగితాలు చదవండి: ఏ సెక్షన్ కింద పంపారో చెప్పే కోర్టు ఆర్డరు, ఎఫ్‌ఐఆర్, చార్జిషీటు వేసి ఉంటే అది, జైలు హిస్టరీ టికెట్ (ఖైదీ వివరాలన్నీ రాసే జైలు రికార్డు), పాత చీటీలు. రిమాండ్ మొదలైన తేదీని పెద్ద అక్షరాలతో రాసుకోండి. బీఎన్ఎస్ఎస్ 479 ప్రకారం, మరణశిక్షో యావజ్జీవమో పడే కేసు కాకపోతే, ఆ నేరానికి ఉన్న గరిష్ట శిక్షలో సగం కాలం విచారణలోనే గడిపినవాళ్లకు, మొదటిసారి నేరమైతే మూడో వంతు గడిపినవాళ్లకు, బెయిలు అడిగే దారి ఉంది. జబ్బు మనిషి లెక్కను ఎవరూ పెట్టరు. మీరు పెడితే అది ఒక అవసరం బయటపడ్డట్టే. కస్టడీలో ఉన్నవాళ్లకు ఉచిత వకీలు హక్కు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక అర్జీ చాలు.

మొదటి వారం నీడ్స్ ఫారం ముట్టుకోవద్దు. మన వైపు దీనికి ఒక ప్రత్యేక కారణం ఉంది, కల్తీ కల్లు. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, అల్ప్రాజోలం లాంటి మత్తు మందులు కలపడం కొత్త సంగతి కాదు. 2015లో దాడులు పెరిగి కల్లు ఒక్కసారిగా దొరకకుండా పోయినప్పుడు, పిచ్చిపట్టినట్టు ప్రవర్తిస్తున్నారని జనాన్ని ఆసుపత్రులకు మోసుకొచ్చారు. అరెస్టయిన మనిషికీ జరిగేది అదే, రోజూ పడే సీసాలు ఆ రోజు నుంచి బంద్. అల్ప్రాజోలం అయితే ఒకటి రెండు రోజుల్లోనే వణుకు, చెమటలు, ఫిట్స్ రావచ్చు. డైజీపాం ఒంట్లో ఎక్కువ కాలం నిలిచేది కాబట్టి వారం తర్వాత కూడా మొదలవుతుంది. అప్పుడు అతను గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు, రాత్రయితే లేచి ఉరుకుతాడు, పొద్దున కొంచెం తేరుకుంటాడు, ఇది ఏ ఊరో ఏ రోజో చెప్పలేడు. ఇలా తెలివి వచ్చిపోతుంటే, కనిపించని వస్తువులు కంటికి కనిపిస్తుంటే, ముందు మత్తు దిగడం గురించి ఆలోచించాలి. స్కిజోఫ్రీనియాలో సాధారణంగా రోజు, ఊరు తెలుస్తూనే ఉంటాయి, చెవిలో మాటలు ఎక్కువ. ‘తాగుతావా’ అని అడిగితే ‘లేదు’ అంటారు, ఎందుకంటే చాలామందికి కల్లు తాగుడు లెక్కలోకే రాదు. ‘కల్లు తాగుతరా? రోజుకు ఎన్ని సీసలు? ఒక్కరోజు తాగకుంటే చేతులు వణుకుతయా? ఎన్నేండ్ల సంది?’ అని విడివిడిగా అడగండి. ఇంటివాళ్లను కూడా అడగండి, ఏ దుకాణం కల్లో వాళ్లకు తెలుస్తుంది.

తెలివి స్థిరపడ్డాక, అంటే సుమారు పదో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య, రోగితో కూర్చోండి. అరగంట నుంచి ముప్పావు గంట. ఎక్కువసేపు కూర్చోలేనివాళ్లకు రెండు విడతలు. ఎస్కార్ట్ పోలీసు కంటికి కనిపించాలి కానీ మాట వినపడకూడదు. తలుపు వైపు మీరుండండి, దారికి అడ్డంగా కాదు. మొదటి మాటగా ఈ కాగితం ఎవరు చదువుతారో చెప్పండి: వార్డు డాక్టరు, నర్సులు, మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డు అడిగితే బోర్డు, కోర్టు అడిగితే కోర్టు. నిప్పు పెట్టడం, లైంగిక నేరం అనే అంశాల దగ్గర మరీ జాగ్రత్త. విచారణలో ఉన్న మనిషి నోట ఆ నేరం కథ చెప్పించి, మీ చేతిరాతతో ఫైల్లో పెట్టడం మీ పని కాదు. ఈ నెలలో అగ్గిపెట్టె కోసం వెతికాడా, ఎవరి మీదైనా చేయి వేశాడా అన్నంత వరకే రాయండి. నేరం గురించి అతనే మొదలుపెడితే ఆపి, ముందు వకీలుతో మాట్లాడమని చెప్పండి.

ప్రశ్నలను ఇంగ్లీషు ఫారం నుంచి పదానికి పదం దించితే ఎవరికీ అర్థం కావు. ‘మానసిక వేదన ఉందా’ అంటే తల అడ్డంగా ఊపుతారు. ‘గుండెల బరువుగ అనిపిస్తుందా? రాత్రి నిద్ర మంచిగ పడుతుందా, మధ్యల లేస్తున్నరా? ఎందుకు బతకాలె అనిపించిందా?’ అంటే జవాబు వస్తుంది. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల నుంచి వచ్చినవాళ్లలో, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్లలో, తెలుగు మాట్లాడినా బాధ మాత్రం లంబాడీ భాషలోనే చెప్పగలిగేవాళ్లుంటారు. దుబాసీగా బంధువును కూర్చోబెట్టకండి, ముఖ్యంగా కేసు ఇంట్లోదే అయినప్పుడు. ఆ భాష వచ్చిన నర్సునో, ఆశా కార్యకర్తనో పిలవండి.

బాణామతి, చేతబడి మాట వస్తే అక్కడ ఆగి తీరాలి. ‘నా మీద బాణామతి చేసిండు, అందుకే కొట్టిన’ అంటే దాన్ని వెంటనే భ్రమ అని రాయకూడదు, ఊరి నమ్మకమని కొట్టేయకూడదు. ఇద్దరు ముగ్గురు ఇంటివాళ్లను విడిగా అడగండి: ఆ అనుమానం ఊళ్లో ముందు నుంచి ఉందా, లేక ఇతనికి నిద్ర పోయి, పని మానేశాక ఇతనిలోనే మొదలైందా? ఊరంతా నమ్మేదైతే గోలీలతో పోదు. అప్పుడు అవసరం వేరు. దెబ్బలు తిన్నవాళ్లో, చనిపోయి ఉంటే వాళ్ల ఇంటివాళ్లో అదే వాడలో ఉంటారు, ఇతను తిరిగిపోతే ఇద్దరికీ ముప్పే. ‘ఇతరులకు ముప్పు’ అన్న గడితోపాటు ‘ఉండే చోటు’ గడిలో కూడా 2 పడాలి.

ఒంటి ఆరోగ్యం గడిని చాలామంది బీపీ, షుగర్ చూసి నింపేస్తారు. మర్రిగూడ, మునుగోడు, నారాయణపూర్ వైపు నడివయసు దాటినవాళ్లయితే ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు బిగుసుకుపోయే జబ్బు) చూడకుండా ఆ గడి నింపొద్దు. మిషన్ భగీరథ నీళ్లు ఇప్పుడొచ్చినా, పాత బోరు నీళ్లు తాగి బిగుసుకుపోయిన వెన్ను తిరిగి వంగదు. దీన్ని మానసిక జబ్బుకు ఇచ్చే హాలోపెరిడాల్ మందు వల్ల వచ్చే బిగుతుగా పొరబడడం చాలా సులువు. మందు వల్ల వచ్చే బిగుతు మణికట్టును మెల్లగా తిప్పితే పళ్ల చక్రం తిరిగినట్టు తెలుస్తుంది, మోతాదు పెరిగాక వస్తుంది, ట్రైహెక్సిఫెనిడిల్ ఇస్తే తగ్గుతుంది. ఫ్లోరోసిస్ బిగుతు మెడలో, నడుములో ఉంటుంది, ఏళ్ల నాటిది, ఏ గోలీకీ కదలదు. పొరబడితే అనవసరంగా ట్రైహెక్సిఫెనిడిల్ పెరిగి మతిమరుపు, మలబద్ధకం వస్తాయి. ఈ మనిషికి కావాల్సింది నేల మీద చాప బదులు మంచం, కూర్చునే టాయిలెట్టు. జైలుకు తిరిగి పంపేటప్పుడు ఆ రెండు మాటలూ మెడికల్ ఆఫీసరుకు రాతలో పోవాలి.

లిథియం (మూడ్ ఎగుడుదిగుళ్లను అదుపు చేసే మందు) మీద ఉన్నవాళ్లకు ఎండాకాలం ప్రత్యేక అవసరం. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ ఎండకు చెమట పట్టి నీళ్లు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. చేతులు పెద్దగా వణకడం, వాంతులు, తూలడం కనిపిస్తే మందు ఆపి లెవెల్ చూడాలి. బ్యారక్‌లో రాత్రి పూట తాగే నీళ్లు చేతికందేలా ఉన్నాయా అన్నది సౌకర్యాల ప్రశ్న కాదు, వైద్యం ప్రశ్న. వేరే మందులకు లొంగని స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజపైన్ మొదలుపెట్టినవాళ్లకు మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష కావాలి. ఎస్కార్ట్ దొరక్క ఒక వారం తప్పితే మొత్తం కార్యక్రమం దెబ్బతింటుంది. కాబట్టి ఎస్కార్ట్ అర్జీని ప్రతి వారం కాకుండా తేదీలన్నీ రాసి ఒకేసారి పెట్టండి. ఆ తేదీలు నిలబడతాయన్న నమ్మకం లేని జైలుకు రోగి వెళ్లబోతుంటే, క్లోజపైన్ మొదలుపెట్టకముందే ఆ సంగతి డాక్టరు చెవిన వేయాలి.

భద్రత గురించి ఒక మాట. ఇంగ్లండులో హై, మీడియం, లో సెక్యూర్ అని ఆసుపత్రులే మూడు అంచెలుగా ఉంటాయి, ఏ రోగికి ఏది అన్నదానికి విడి పద్ధతులున్నాయి. మనకు ఆ అంచెలు లేవు. జైలు మెడికల్ వింగ్, లేదా హైదరాబాదులోని ఎర్రగడ్డ లాంటి పెద్ద మానసిక ఆసుపత్రిలో ఖైదీల వార్డు, అంతే. అందుకే సెక్షన్ నంబరు చూసి భద్రత నిర్ణయించే అలవాటు పడిపోయింది. హత్య కేసంటే మూలగది, దొంగతనం కేసంటే ఎక్కడైనా సరే. ఇది తప్పు. జబ్బు ముదిరిన ఒక్క రోజు ఇంటి మనిషిని చంపి, ఇప్పుడు మందులతో నిమ్మళించిన మనిషికంటే, సెల్‌ఫోను దొంగతనంలో వచ్చి రోజూ పక్కవాళ్లతో కొట్లాడే కుర్రాడికే దగ్గరి కాపలా అవసరం కావచ్చు. గడిచిన నెలలో ఏం జరిగింది, ఏ సమయంలో, ఎవరితో, ఏం చేస్తే ఆగింది? ఈ నాలుగింటినీ రాయండి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 97వ సెక్షన్ ప్రకారం ఒంటరిగా బంధించడం కుదరదు. కట్టడి చేయాల్సి వస్తే అప్పటికప్పుడు జరగబోయే హానిని ఆపడానికి వేరే మార్గం లేనప్పుడే, సైకియాట్రిస్టు అనుమతితో, రాతపూర్వకంగా చేయాలి. సిబ్బంది తక్కువన్నది కారణం కాదు.

సిబ్బంది వరుస నింపేటప్పుడు రౌండ్స్‌లో రెండు నిమిషాలు చూసే డాక్టరును కాకుండా రాత్రి డ్యూటీ నర్సును, అటెండరును అడగండి. రోగి చెప్పింది వాళ్లకు ముందే చూపించొద్దు, చూపిస్తే దానికి తగ్గట్టే చెబుతారు. తర్వాత రెండు వరుసలూ పక్కపక్కన పెట్టండి. అవి కలవవు, కలవని చోటే మీకు పని దొరుకుతుంది. సిబ్బంది భ్రమలకు 2 వేస్తారు, రోగి 0 అంటాడు. ‘డబ్బు’ దగ్గర సిబ్బంది 0 వేస్తారు, రోగి 2 అంటాడు. ఎందుకని అడిగితే, తన వాటా పొలం అన్నదమ్ములు పట్టా చేయించుకుంటున్నారన్న దిగులు బయటికొస్తుంది. పాస్‌బుక్ ఎవరి దగ్గరుందో ఒక్క ఫోనుతో తెలుసుకోగలిగితే, ఆ మనిషి మందుల గురించి కూడా మీ మాట వినడం మొదలుపెడతాడు. రోగి 2 వేసిన వాటిలో వారంలో తీర్చగలిగింది ఒకటి ముందు తీర్చండి.

లండన్ ఫారంలోని ‘ఫోను’, ‘ప్రయాణం’, ‘పింఛన్లు’ అనే గడులను మన వాడుకలోకి మార్చుకోవాలి. ఫోను అంటే, అతనికి ఒక్క నంబరైనా నోటికి వచ్చా? అరెస్టప్పుడు సెల్ పోలీసుల దగ్గరికి పోయింది, నంబర్లన్నీ అందులోనే. వచ్చిన మొదటి రోజే ఊరు, మండలం, తండ్రి పేరు, ఊళ్లో అందరికీ తెలిసిన దుకాణం పేరు రాసుకోండి. సర్పంచ్ ద్వారానో అంగన్‌వాడీ టీచర్ ద్వారానో ఇల్లు దొరుకుతుంది. ప్రయాణం అంటే ఇంటివాళ్లు ములాఖత్‌కు రావడం. నారాయణపేట వైపు పల్లె నుంచి హైదరాబాదుకు వచ్చిపోవాలంటే రెండు రోజుల కూలి పోతుంది. పాలమూరు లేబర్ కుటుంబాల్లో అన్నదమ్ములు ముంబైలోనో పుణెలోనో ఉంటారు, పండగకే వస్తారు. ‘కుటుంబం పట్టించుకోవడం లేదు’ అని రాసేముందు ఈ లెక్క వేయండి. పింఛన్లు అంటే రేషన్ కార్డు, ఆధార్, వికలాంగుల సర్టిఫికెట్. మానసిక జబ్బు 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో ఒకటి. వైకల్యాన్ని కొలిచే ఐడియాస్ స్కేలు మీద 40 శాతం, అంతకు మించి ఉంటే సర్టిఫికెట్‌కు అర్హత. వార్డులో ఉన్నప్పుడే ఆ బోర్డుకు చూపించడం తేలిక, బయటికెళ్లాక మళ్లీ తీసుకురావడం కష్టం.

ఆడవాళ్ల విషయంలో ఫారం చాలదు. ములాఖత్‌కు వచ్చేవాళ్లు తక్కువ, జామీను నిలబడేవాళ్లు ఇంకా తక్కువ. పిల్లలు ఎవరి దగ్గరున్నారో ముందు అడగండి. ఆరేళ్ల లోపు పిల్లలు జైల్లో తల్లితో ఉండవచ్చు, కానీ ఆసుపత్రికి తరలించినప్పుడు ఆ పిల్ల ఎక్కడుందో కొన్నిసార్లు తల్లికే చెప్పరు. రిస్పెరిడోన్ అనే మానసిక జబ్బు మందు మీద నెలసరి ఆగితే గర్భమేమోనని లోలోపల భయపడుతూ ఎవరికీ చెప్పకుండా గోలీ మానేస్తారు. నెలసరి గురించి నర్సు అడగాలి, పరీక్ష చేసి ఫలితం ఆమెకే చెప్పాలి.

ఇంటికి పంపడం అన్నది చివరి రోజు ఆలోచించేది కాదు. మతిస్థిమితం లేదన్న కారణంతో కేసు కొట్టేసినా బీఎన్ఎస్ఎస్ 374 కింద కోర్టు సురక్షిత నిర్బంధంలో ఉంచమనవచ్చు, లేదా బంధువో స్నేహితుడో దరఖాస్తు పెట్టి పూచీ ఇస్తే అప్పగించవచ్చు. చనిపోయింది భార్యో తల్లో అయితే ఆ పూచీ ఎవరిస్తారు? మేనమామ, పెళ్లయిన అక్క, చిన్ననాటి స్నేహితుడు, ఇలా వరుసలన్నీ రాసుకుని మొదటి నెలలోనే ఫోన్లు చేయాలి. అందుకే ఫారంలో రెండు వరుసల పక్కన మూడో వరుస గీసుకోమంటాను. ‘ఇంటికి పోతే’ అని దానికి పేరు పెట్టి, వార్డులో 1 ఉన్నవాటిలో ఏవి 2 అవుతాయో రాయండి. తిండి, మందులు, కల్లు, ఈ మూడూ దాదాపు ప్రతిసారీ మారతాయి.

ఫారాన్ని మూడు నెలలకొకసారి మళ్లీ నింపండి. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 103వ సెక్షన్ ప్రకారం ఆసుపత్రి ఇన్‌చార్జి మెడికల్ ఆఫీసరు ఇలాంటి రోగి మానసిక, శారీరక స్థితి మీద ఆరు నెలలకొక ప్రత్యేక నివేదికను, ఆర్డరిచ్చిన అధికారికి పంపాలి. మీ దగ్గర రెండు ఫారాలుంటే ఆ నివేదిక పాతదానికి నకలు కాకుండా ఉంటుంది. ఏ 2 ఎప్పుడు 1 అయింది, ఏది ఆరు నెలలుగా అలాగే ఉంది, ఎవరి వల్ల ఆగింది అన్నవి అందులో రాయించండి.

రోగి జైలుకు తిరిగి వెళ్లే రోజు డిశ్చార్జి సమ్మరీతోపాటు తెలుగులో ఒక్క పేజీ కాగితం పెట్టండి. మందు పేరు, ఎన్ని, ఏ పూట, ఎవరు మింగించాలి. ఫ్లూఫెనజైన్ లాంటి డిపో ఇంజెక్షన్ (ఒకసారి వేస్తే వారాల పాటు పనిచేసేది) అయితే వచ్చే డోసు తేదీ. జబ్బు తిరగబెడుతుంటే ఇతనిలో ముందుగా కనిపించే రెండు మూడు గుర్తులు, ఉదాహరణకు స్నానం మానేయడం, పళ్లెం తీసుకుని పక్కకు పోయి తినడం. మంచం, నీళ్లు, రక్తపరీక్ష తేదీలు. వకీలు పేరు, వచ్చే వాయిదా. నకళ్లు మూడు: జైలు మెడికల్ ఆఫీసరుకు ఒకటి సంతకం తీసుకుని, హిస్టరీ టికెట్‌కు పిన్ను చేసి ఒకటి, ఇంటివాళ్లకు ఒకటి. ఖైదీని నల్లగొండ నుంచి చర్లపల్లికో, ఒక బ్యారక్ నుంచి ఇంకో బ్యారక్‌కో మార్చినప్పుడు అతనితో తప్పకుండా వెళ్లేది హిస్టరీ టికెట్ ఒక్కటే. కాబట్టి ఇంజెక్షన్ తేదీ వేరే ఎక్కడ రాసినా రాయకపోయినా దాని మీద మాత్రం ఎర్ర సిరాతో ఉండాలి.